నా పేరు పక్కన ముప్పై ఒకటి

కండ్లకోయ,
డిసెంబరు 9

పార్వతీదేవి వదిన గారికి నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారు పడకండి. అందరం బాగానే ఉన్నాం. మీ మేనకోడలు సహస్ర పరీక్షలు రాస్తోంది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటారేమో. మా ఇంట్లో ఫోన్ సంగతి మీకు తెలియంది కాదు. మీరు లైన్లోకి రాగానే మీ తమ్ముడు "అక్కేనా, స్పీకరు పెట్టు" అంటారు. ఇక మన మాటల్లో కూరలూ కీళ్ళ నొప్పులూ తప్ప ఏం మిగులుతాయి? అందుకని క్లాసుకీ క్లాసుకీ మధ్య స్టాఫ్ రూములో కూర్చుని రాస్తున్నాను. జవాబు ఈ కాలేజీ చిరునామాకే రాయండి. మేడ్చల్ ఇంటికి వద్దు.

చెప్పాలనుకున్నది గోల్ఫ్ గురించి. నవ్వకండి. జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో మేనేజరయ్యాక మీ తమ్ముడు శామీర్‌పేట వైపు క్లబ్బులో సభ్యత్వం తీసుకున్నారని మీకు తెలుసు. దంపతుల కప్పు అని ఒక పోటీ ఉంటే, జంట కావాలని నన్నూ దించారనీ తెలుసు. తెలియంది ఒకటే. ఆట నాకు వచ్చింది. ఇలా రాసి, రాసినదాన్ని రెండుసార్లు చూసుకున్నాను. నిజంగా వచ్చిందా అని.

ఈ ఆటలో ప్రతివాళ్ళ పేరు పక్కనా ఒక అంకె ఉంటుంది. హ్యాండీక్యాప్ అంటారు. బాగా ఆడేవాళ్ళకి చిన్న అంకె, ఆడలేనివాళ్ళకి పెద్ద అంకె. పోటీలో మనం కొట్టిన దెబ్బల్లోంచి ఆ అంకె తీసేస్తారు. చేతకానితనానికి ముందే మాఫీ ఇచ్చినట్టు. ఆట ముగిశాక ఎన్ని దెబ్బలు పట్టిందో కార్డు మీద రాసి, పక్కన ఆడినవాళ్ళు సంతకం పెట్టి క్లబ్బుకి ఇవ్వాలి. ఆ కార్డుల నుంచి అంకె తేలుతుంది. నా పేరు పక్కన ముప్పై ఒకటి ఉంది.

నేను ముప్పై ఒకటి కాదు వదినా. పద్దెనిమిదో, ఇరవయ్యో అయి ఉంటాను. నా కార్డు మీద సంతకం పెట్టేది మీ తమ్ముడు. ఆటలో సగం అయ్యేసరికి, అంటే తొమ్మిదో గుంత దగ్గర, ఆయన నిర్ణయిస్తారు. నేను బాగా ఆడుతున్న రోజు "ఇవాళ ఊరికే ప్రాక్టీసు దివ్యా" అంటారు. నా చెయ్యి బాగులేని రోజు "ఇవాళ్టి కార్డు ఇచ్చేద్దాం" అంటారు. అంతే. ఎవరూ అబద్ధం రాయలేదు. ఇచ్చిన కార్డులన్నీ నిజమైనవే. అలా రెండేళ్ళు దంపతుల కప్పు మా హాల్లోకి వచ్చింది. ఆ మాఫీ లేకపోతే మేం గెలిచేవాళ్ళం కాదు.

నేను అడగలేదా అంటే, అడిగాను. "కంపెనీకి పనికొచ్చేవాళ్ళు నలుగురు చూస్తున్నప్పుడు గెలవాలి, అంతకంటే ఏముంది ఇందులో" అన్నారు. నాకూ పెద్ద తప్పులా తోచలేదు. తోచిందేమో, ఇప్పుడు చెప్పలేను.

ఈ ఏడు క్లబ్బువాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. మార్చి 31లోగా, ఇంటివాళ్ళు కాని మనుషుల సంతకంతో మూడు కార్డులు ఇస్తేనే అంకె చెల్లుతుంది. ఇవ్వకపోతే రద్దు, ఏ పోటీకీ అర్హత ఉండదు. పాత లెక్కంతా చెరిపి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇంకోటి, ఆడవాళ్ళ ఛాంపియన్‌షిప్‌కి ఇరవై నాలుగు దాటినవాళ్ళని తీసుకోరు. నాకు అందులో ఆడాలని ఉంది. ఇది ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

నిజంగా ఆడితే నా అంకె ఒక్కసారిగా పడిపోతుంది. చూసినవాళ్ళు పాత కప్పుల గురించి అడుగుతారు. ఏప్రిల్లో మీ తమ్ముడు క్లబ్బు కెప్టెన్ ఎన్నికలో నిలబడుతున్నారు. కావాలని చెడగొడితే ముప్పై ఒకటిలోనే ఉండిపోతాను. రెండు వైపులా గోడే ఉన్నట్టుంది. మీరేమంటారు?

మీ
శ్రీదివ్య


సామర్లకోట,
జనవరి 4

చి.సౌ. దివ్యకు ఆశీస్సులు.

నా పేర కవరు చూసి పోస్టుమాన్ పెన్షను కాయితం అనుకుని వేలిముద్ర వెయ్యమన్నాడు. ముప్పై మూడేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్నిరా, సంతకం పెడతాను అన్నాను. మరదలు రాసిందంటే నమ్మలేదు.

నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివాను. సగం అర్థమైంది. ఒక బంతి, ఒక గుంత, మధ్యలో ఇన్ని అంకెలా? మా బళ్ళో పిల్లలు గోలీలాడి సాయంత్రానికి లెక్క మర్చిపోయేవాళ్ళు.

ఇక మా తమ్ముడు చక్రి. వాడు చిన్నప్పుడు కూడా ఓడిపోతే అన్నం తినేవాడు కాదు. అది మంచిదని నేననను. కానీ దివ్యా, ఆట కోసం ఇంట్లో మాట తెచ్చుకుంటావా? ఎవరి సొమ్మూ పోలేదు. ఎవరి కొంపా మునగలేదు. బయటివాళ్ళ సంతకమే కావాలంటే హేమచంద్ గారు ఉండనే ఉన్నారు. ఆయనతో మూడు రోజులు ఆడేసి ఆ కార్డులేవో ఇచ్చేస్తే ఈ ఏటికి గొడవ వదిలిపోతుంది. ఎన్నికలయ్యాక నీ ఇష్టం వచ్చినట్టు ఆడుకోవచ్చు. ఆడదానివి, నీకు తెలియని సర్దుబాటా?

సహస్రకి ఉసిరికాయ పచ్చడి పంపుతాను. చలిలో తెల్లవారకుండా ఆ గడ్డిలో తిరగకు.

మీ వదిన


శామీర్‌పేట,
జనవరి 21

పార్వతీదేవి గారికి,

హేమచంద్ పేరు నేను మీకు రాయలేదు. ఆయన మీ తమ్ముడి కంపెనీకి అట్టపెట్టెలు సరఫరా చేస్తారు. మీరు ఆయన్ని ఎన్నడూ చూడలేదు. ఆ పేరు మీ ఉత్తరంలోకి ఎలా వచ్చిందో నేను అడగను.

నేను మీకిచ్చిన కాలేజీ చిరునామా కూడా మీ తమ్ముడికి చేరిందేమో తెలియదు. ఇదిగో ఈ ఉత్తరం క్లబ్బు వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇక దాచేదేముందని.

ఒక కార్డు ఇచ్చాను. నాతో ఆడి సంతకం పెట్టింది అల్మాస్. ఈ ఊరి మనిషే, క్లబ్బులో ఆడవాళ్ళకి కెప్టెన్. క్లబ్బు భూమిలో కొంత ఒకప్పుడు వాళ్ళ అత్తగారు అజ్మతున్నీసా గారి ద్రాక్షతోట. అమ్మినప్పుడు ఆ పెద్దావిడ డబ్బుతో పాటు ఇంట్లో కోడలి పేర ఒక సభ్యత్వం కూడా రాయించుకున్నారట. "ఏడో గుంత కాడ మా తోట ఉండె. గా గుంతల బాల్ పడ్డదంటే మా ఇంట్ల పడ్డట్టే" అంటుంది అల్మాస్. నేనేమో మీ తమ్ముడి సభ్యత్వం కింద భార్యని.

ఆ రోజు నిజంగా ఆడాలనే వెళ్ళాను. తొమ్మిదో గుంత దాకా అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకే తెలియదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. మీ తమ్ముడు అక్కడ లేనే లేరు. అయినా పదో గుంత నుంచి చెయ్యి బిగుసుకుపోయింది. జానెడు దూరంలో ఉన్న బంతిని గుంతలో వెయ్యలేకపోయాను. ఒకటి కాదు, వరసగా. లెక్క చూస్తే సరిగ్గా ముప్పై ఒకటి అంకెకి తగిన ఆట.

అల్మాస్ పెన్ను తీసి, సంతకం పెట్టకుండా నన్ను చూసింది.

"దివ్యా, ఒక్క మాట చెప్పు. కావాల్నని పోగొట్టినవా, చెయ్యి జారిందా?"

"నాకు తెలియదు అల్మాస్."

"నీ చెయ్యి నీకెర్క లేకపోతే ఎవలకెర్క?"

"నిజంగా తెలియదు."

"మంచిగనే ఉంది. ఎన్ని దెబ్బలు కొట్టినవో దానికి నేను సంతకం పెడత. ఎందుకు కొట్టినవో దానికి పెట్టరాదు."

సంతకం పెట్టి ఇచ్చేసి, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

అంకె నాది కాదని మీకు రాశాను. ఇప్పుడు ఆ మాట మీద నాకు నమ్మకం లేదు.

శ్రీదివ్య


సామర్లకోట,
ఫిబ్రవరి 10

చి.సౌ. దివ్యకు,

"పార్వతీదేవి గారికి" అని చదివి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. అప్పుడూ అలాగే ఉంది. మసక కళ్ళజోడుది కాదని తర్వాత కాకినాడలో డాక్టరు చెప్పాడు. శుక్లమట.

చక్రి కొత్త సంవత్సరానికి ముందు వారం ఫోన్ చేశాడు. నీ ఉత్తరాల సంగతి నేను చెప్పలేదు. చిరునామా చెప్పలేదు. ఆట మాట వాడే ఎత్తాడు. "దివ్య ఎందుకో ముభావంగా ఉంటోంది అక్కా, ఆట విషయంలో మొండికేస్తోంది, హేమచంద్ ఉన్నాడు, ఒక్క మాట చెప్పు" అన్నాడు. వాడి మాటలు నా కలంలోంచి వచ్చాయి. వచ్చినట్టు నాకు తెలియనే లేదు, నువ్వు చూపించేదాకా. నీ చెయ్యి సంగతి చదివాక ఇంకా భయం వేసింది. ఇద్దరం వాడి మాటే రాస్తున్నామేమో.

ఇంతకంటే సంజాయిషీ చెప్పుకోవడం నాకు రాదు. బళ్ళో చెప్పించుకోవడమే అలవాటు.

ఆపరేషను మార్చి ఆఖరి వారంలో. ముందు కుడికన్ను. తర్వాత వారం రోజులు గంటగంటకీ చుక్కలు వెయ్యాలట. పక్కింటి జయమ్మ వేస్తానంటోంది కానీ ఆవిడ చేతులు వణుకుతాయి. చుక్క ముక్కు మీద పడుతుంది. నీకు సెలవు దొరికితే రా. దొరక్కపోతే ముక్కే తడుపుకుంటాను.

వదిన


కండ్లకోయ,
మార్చి 18

వదిన గారికి,

వస్తున్నాను. ఇరవై ఆరో తారీఖు రాత్రి గౌతమికి టికెట్టు తీశాను. మీ తమ్ముడు "అక్క కోసమా, తప్పకుండా వెళ్ళు" అన్నారు. ఆ తర్వాత "ఆ మూడో కార్డు?" అన్నారు.

రెండో కార్డు కూడా అల్మాస్‌తోనే ఇచ్చాను. అదే కథ. మొదటి సగం నేను, రెండో సగం ఇంకెవరో. ఈసారి అల్మాస్ ఏమీ అడగలేదు. అడగకపోవడమే కష్టమనిపించింది. క్లాసులో పిల్లలకి లెక్కలు చెబుతూ బోర్డు మీద మధ్యలో ఆగిపోతున్నాను, ఈ మెట్టు నేను వేస్తున్నానా, అలవాటు వేస్తోందా అని.

మూడోది ఇవ్వను. ఇదొక్కటే నాకు దొరికిన దారి. మార్చి 31 దాటితే ముప్పై ఒకటి దానంతటదే పోతుంది. ఎవరినీ నిందించనక్కర్లేదు, ఏ కప్పు గురించీ ఎవరూ అడగరు. ఈ ఏడు ఏ పోటీలోనూ ఉండను. దంపతుల కప్పులో మీ తమ్ముడూ ఉండరు. ఆయనతో "వచ్చాక చూద్దాం" అన్నాను. వచ్చేది ఒకటో తారీఖు తర్వాతేనని ఆయనకీ తెలుసు. ఏమీ చెయ్యకుండా ఉండటానికి ఇంత ధైర్యం కావాలని ఇంతకుముందు తెలియదు.

దివ్య


మేడ్చల్,
ఏప్రిల్ 8

వదినా,

ఎడమకన్నుతో చదువుకుంటారని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. మిగతా చుక్కలు జయమ్మ గారు సరిగ్గా వేస్తున్నారా?

మొన్న శనివారం క్లబ్బుకి వెళ్ళాను. ఆడటానికి కాదు, నోటీసు బోర్డు చూడటానికి. దంపతుల కప్పు అర్హుల జాబితాలో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నా పేరు పక్కన ముప్పై ఒకటి, వచ్చే మార్చి దాకా చెల్లుతుందని.

అక్కడే నిలబడిపోయాను. అల్మాస్ వెనక నుంచి భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

"ఏందే ఇది? మొన్న ఆయితారం, గడువు ఆఖరి రోజు, నువ్వు మీ వదిన కాడ లేవా?"

"ఉన్నాను."

"మరి నీ మూడో కార్డు ఎట్లొచ్చింది? హేమచంద్ సంతకం ఉంది. ఏ రోజు కార్డు ఆ రోజే ఎక్కియ్యాలె, అందుకే అండ్ల ఆయితారం తారీఖే పడ్డది. గాల్లెగిరొచ్చి ఆడిపోయినవా?"

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. నేను ఆడని ఆట ఒకటి నా పేర ఉంది. దెబ్బదెబ్బకీ లెక్క ఉంది. ఏడో గుంత దగ్గర ఆరు దెబ్బలట. చదువుతుంటే ఆడే ఉంటానేమో అనిపించింది. అచ్చం నేను ఆడినట్టే రాశారు.

అల్మాస్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇను. ఆడోళ్ళ పేర్లకు నాది జిమ్మేదారి, నేనే జవాబు చెప్పాలె. ఇరవై ఒకటో తారీఖు ఆయితారం జాబితా ఖాయమైతది. కార్డు మీదున్న రోజు నువ్వు ఊర్ల లేవని ఒక్క కాయితం ముక్క ఇయ్యి. మిగిలింది నేను చూస్కుంట. ఇయ్యకపోతే నేను కూడ కండ్లు మూస్కొని సంతకం పెట్టాలె. నన్ను గట్ల చెయ్యకే."

ఇంటికొచ్చి మీ తమ్ముణ్ణి అడిగాను. పేపరు దించకుండానే అన్నారు. "గడువు అయిపోతోందని హేమచంద్ ఎక్కించేశాడు. నువ్వు ఆడితే వచ్చేది కూడా అదేగా. ఇందులో అబద్ధమేముంది?"

నేను ఆడితే వచ్చేది అదే. నిజమే వదినా. రెండు కార్డులు నేనే ఇచ్చాను, అదే అంకెతో. కాయితం తీసుకుని కూర్చుంటే నా పేరు దగ్గరే ఆగిపోతున్నాను. రాస్తే ఆయన కెప్టెన్ అవ్వడం మాట అటుంచి, క్లబ్బులో తలెత్తుకోలేరు. రాయకపోతే ఇంకో ఏడాది ఇదే పేరు, ఇదే అంకె. ఏమీ చెయ్యకుండా ఉండటం కూడా నా చేతిలో లేకుండా పోయింది.

మీరు ఏమీ చెయ్యొద్దు. ఆయన మీ తమ్ముడు. ఎవరికైనా చెప్పుకోవాలని రాశాను, అంతే.

దివ్య


సామర్లకోట,
ఏప్రిల్ 11

దివ్యా,

కుడికంటికి నల్లద్దాలు తీసెయ్యమన్నారు. ఎదురింటి గోడ మీద బీటలు కూడా కనిపిస్తున్నాయి. ఇన్నాళ్ళూ సున్నం కొత్తగా వేశారనుకున్నాను.

చక్రి నిన్న ఫోన్ చేశాడు. కన్ను ఎలా ఉందని అడిగాడు. తర్వాత "అక్కా, క్లబ్బువాళ్ళెవరైనా అడిగితే దివ్య శనివారమే బయల్దేరి వచ్చేసిందని చెప్పు" అన్నాడు. మామూలుగానే అన్నాడు, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు.

"ఆదివారం గంటగంటకీ నా కంట్లో చుక్కలు వేసింది ఎవర్రా?" అన్నాను.

"ఎవరైతేనేం అక్కా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. వాణ్ణి ఎత్తుకుని పెంచినదాన్ని. వాడి పరువు నాకు పట్టదనుకోకు. కానీ వాడు ఆ మాట అన్నప్పుడు, ఆ వారమంతా నా తల పట్టుకుని "పైకి చూడండి వదినా, ఇంకా పైకి" అంటూ చుక్కలు వేసిన చెయ్యి లేకుండా పోయింది. నువ్వు ఎక్కడా లేకుండా పోయావు. బహుశా నీకు రోజూ ఇలాగే ఉంటుందేమో.

నువ్వు ఏమీ చెయ్యొద్దన్నావు. నేను చేసింది ఇంతే. రెండో కాయితం చూడు. ఆ కెప్టెన్ అమ్మాయి పేర రాశాను. తిన్నగా ఆవిడకే పంపగలను, క్లబ్బు ఎక్కడో నువ్వే రాశావు. పంపలేదు. మళ్ళీ ఒకరు నీ తరఫున కార్డు ఇచ్చినట్టవుతుందని. ఇస్తావో, చింపేస్తావో నీది. చింపినా నేను అడగను.

వదిన

[రెండో కాయితం]

కెప్టెన్ అల్మాస్ గారికి,

మార్చి 31, ఆదివారం, నా తమ్ముడి భార్య శ్రీదివ్య సామర్లకోటలో మా ఇంట్లో ఉంది. నా కుడికంట్లో చుక్కలు వేస్తూ ఉంది. అంతకంటే ఆ రోజు తను ఏ ఆటా ఆడలేదు.

పార్వతీదేవి


శామీర్‌పేట,
ఏప్రిల్ 29

వదినా,

మీ రెండో కాయితం కొన్నాళ్ళు నా సంచిలో తిరిగింది. కాలేజీకి వచ్చింది, కూరగాయల దగ్గరికి వచ్చింది. ఇవ్వకుండా మోస్తున్నంతసేపూ అది కూడా ప్రాక్టీసేనని ఒకనాడు కాలేజీ బస్సులో తోచింది. లెక్కలోకి రాని ఆట.

జాబితా ఖాయమయ్యే ఆదివారం మీ తమ్ముడితోనే వెళ్ళాను. ఆయన పక్కనే ఉండగా అల్మాస్ చేతికి ఇచ్చాను. అల్మాస్ తెలుగు చదవడం కొంచెం మెల్లగా. వేలు పెట్టి చదివింది.

"కండ్ల చుక్కలా?" అంది.

మీ తమ్ముడు చెయ్యి చాపారు. అల్మాస్ నన్ను చూసి, ఇచ్చింది. ఆయన చాలాసేపు చూశారు. ఉన్నది మూడు వాక్యాలే. "అక్క చేతిరాత ఇంత పెద్దగా ఉండదే" అన్నారు.

"ఒక కంటితో రాశారు" అన్నాను.

కాయితం మడిచి, మడత సరిచేసి, అల్మాస్‌కే తిరిగిచ్చారు. "ఆ కార్డు తీసెయ్యండి" అన్నారు. అల్మాస్ "తీసేస్త సార్. కమిటీకైతే చెప్పాలె, ఏమనుకోకుండ్రి" అంది. ఆయన తలూపి కారు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆయన కెప్టెన్ ఎన్నిక నుంచి తప్పుకున్నారు. రెండు కప్పులూ హాల్లోంచి తీసి అట్టపెట్టెలో పెట్టారు. తిరిగి ఇస్తారో, దాచుకుంటారో నేను అడగలేదు. మాతో మాటలు తగ్గాయి. అన్నం తింటున్నారు లెండి. మొన్న మీరు ఫోన్ చేసినప్పుడు స్పీకరు పెట్టలేదు, గమనించారా? ఫోన్ నా చేతికిచ్చి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. అలా ఒంటరిగా మీతో మాట్లాడే వీలు దొరికేసరికి నాకు ఏం మాట్లాడాలో తోచక కూరల గురించే అడిగాను.

జరిగింది మంచో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పొద్దున్న లేవగానే ఆయన మొహం చూస్తే తప్పు చేశాననిపిస్తుంది. కాలేజీ చేరేసరికి లేదనిపిస్తుంది.

ఇవాళ అల్మాస్ రమ్మంటే వచ్చాను. బోర్డు మీద నా పేరు పక్కన ఏమీ లేదు. ఖాళీ. ఏ పోటీకీ అర్హత లేదు. అల్మాస్ ఆ ఖాళీని చూసి "మస్తుగుంది" అంది. కార్డు లేకుండా ఆడాం. తొమ్మిదో గుంత దాటాం. పదో గుంత దగ్గర చెయ్యి బిగుసుకుంది. పదకొండు కూడా అంతే. తర్వాత ఎప్పుడు వదులైందో గమనించలేదు.

చివరి గుంత దగ్గర బంతి బారెడు దూరంలో ఉంది. గడ్డి ఎటు వాలి ఉందో చూశాను, ఊపిరి పట్టాను, నిజంగా వెయ్యాలనే కొట్టాను. గుంత అంచు దాకా వెళ్ళి, అంచు చుట్టూ తిరిగి, బయటే ఆగింది.

"అరెరె, గింతల పోయింది. కార్డు లేదు కదనే, మళ్ళ కొట్టు" అంది అల్మాస్.

వద్దన్నాను. అది నేను కావాలని పోగొట్టింది కాదని ఈసారి నాకు తెలుసు. అలాగే ఉండనిమ్మన్నాను.

ఎడమకన్ను ఆపరేషను ఎప్పుడో రాయండి. చుక్కలు నేనే వేస్తాను.

మీ
దివ్య